తాళం మేకుకెక్కితే

నాన్న ఖాకీ చొక్కాని ఆమె బండమీద బోర్లా పరిచి, వీపు మీద అరచేతంత మరకని సబ్బుతో రుద్దుతోంది. రుద్దితే పోయేది కాదని తెలుసు. ఇంజన్ ఆయిల్ ఒకసారి దారంలోకి దిగిందంటే ఆ బట్టతోపాటే ముసలిదవుతుంది తప్ప వదలదని అమ్మ ఇదే బండ దగ్గర నిలబడి అంటూ ఉండేది, అంటూనే రుద్దుతూ ఉండేది. ఇప్పుడు అమ్మ లేదు, బండ ఉంది, మరకలు వస్తూనే ఉన్నాయి. చేతులకేదో ఒక పని ఉండాలి. వరండాలో నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. కిటికీ ఊచకి అద్దం తగిలించి, మగ్గులో నీళ్ళు పెట్టుకుని, రేజరుని మగ్గు అంచుకేసి కొడుతున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. గడ్డం అయ్యాక స్నానం, స్నానమయ్యాక కుర్చీమీది తెల్లచొక్కా, చొక్కా వేసుకున్నాక షోరూము. ఆమెకున్న గడువు అంతే. ఈలోగా ఆయనకి చెప్పాలి, లేదా ఏదో ఒకటి కల్పించి ఆపాలి. రెండింటిలో ఏది చెయ్యడానికీ నోరు రావడం లేదు, సబ్బు మాత్రం అరిగిపోతోంది.

"పానా! నా చొక్కా ఇస్త్రీ అయిందా?"

"అయింది నాన్నా. కుర్చీమీదుంది."

"వాడికి ఈవేళ ఉంటుందిలే. కొత్త బండి ఇంజన్ పట్టేయడమేంటి? ఇనుముతో చేశారో మైనంతో చేశారో ఆ టై కట్టుకున్నవాణ్ణే అడుగుతా."

పానా. ఆమెకి బడిలో ఒక పేరుంది, ఉద్యోగంలో ఒక పేరుంది, ఇంట్లో మాత్రం ఇదే. నడక సరిగా రానప్పటినుంచీ కార్లు బాగుచేసే షెడ్డులో నాన్న పక్కన కూచుని, ఆయన కారు కింద పడుకుని చెయ్యి బయటికి చాపితే అందులో పానా పెట్టడం ఆమె పని. నంబరు చెప్పేవాడు, ఆమె వెతికేది. తర్వాత్తర్వాత నంబరు చెప్పక్కర్లేకుండా పోయింది. చెయ్యి చాపిన తీరు చూసి ఏది కావాలో ఆమెకి తెలిసిపోయేది. మా ఇంట్లో ఇద్దరు మెకానిక్కులు, ఒకడు కిందుంటాడు, ఒకతి పైనుంటుంది అని వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వేవాడు. ఎవరైనా కొత్త బండి తెస్తే ఆ రోజు ఆమెకి పండగ. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక కొత్త బండిలో మొదటి ఆయిల్ తీసెయ్యాలి, అది నాన్న మాట, ఆ చుట్టుపక్కల అందరి మాట కూడా. కొత్త ఇంజన్‌లో ఇనుము ఇంకా ఇనుముకి అలవాటు పడి ఉండదట, ఒకదాన్నొకటి ఒరుసుకుని రజను రాలుస్తుందట, కొత్త కాపురంలో మొదటి నెలలా అనేవాడు, అమ్మ వింటుంటే ఇంకాస్త గట్టిగా అనేవాడు. రేకు బేసిన్లోకి తీసిన ఆ మొదటి ఆయిల్‌ని ఎండలోకి తెచ్చి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, ఆ వేళ్ళని ఆమె కళ్ళ ముందు తిప్పేవాడు. నల్లటి నూనెలో సన్నగా, చాలా సన్నగా మెరుపు. చూడవే పానా, ఇంజన్ పురిటి బంగారం. ఆమె ఆ మెరుపుని తన వేలికి పూసుకుని బడికి పోయేది. ఎవరికీ చూపించేది కాదు. పలక మీద ఆ వేలితో రాయకుండా దాచుకునేది.

ఇంకొకటి ఉండేది షెడ్డులో. బండి కడుపు ఖాళీ చేసిన క్షణం నుంచీ దాని తాళం నాన్న ఎడమ జేబులో ఉండాలి. ఎంత గొప్పవాడి కారైనా సరే, ఆ గొప్పవాడే వచ్చి తొందరపెట్టినా సరే, జేబు మీద చెయ్యేసి "ఆగండి" అనేవాడు. కొత్త ఆయిల్ పోసి, పుల్ల ముంచి చూసి, మూత బిగించి, చేతులు తుడుచుకున్నాకనే ఆ తాళం జేబులోంచి లేచి గోడమీది మేకుకి ఎక్కేది. మేకుకి తాళం ఉందంటే పని అయిపోయినట్టే. ఇంక ఎవరూ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు, తీసుకుని బండి తోలుకుపోవచ్చు. ఇన్ని బండ్లుంటాయి కదా, దేనికి పోశావో దేనికి పోయలేదో ఎలా గుర్తుంటుందయ్యా అని ఎవరైనా అడిగితే, నాకెందుకండీ గుర్తు, జేబుకి గుర్తుంటుంది అనేవాడు. ఇంట్లో గుమ్మం పక్కనా అలాంటి మేకే కొట్టాడు. అదే పద్ధతి. సైకిల్ తాళం, బీరువా తాళం, ఏదైనా మేకుకి ఉందంటే దాని పని అయిపోయింది.

రేజరు చప్పుడు ఆగింది. ఆమె చేతులూ ఆగాయి. మళ్ళీ మగ్గు మోగింది. ఇంకా ఒక వైపే అయి ఉంటుంది. ఈమధ్య ఆయన గడ్డానికి చాలాసేపు పడుతోంది, ఒకవైపు గీసుకున్నాక అద్దంలోకి చూస్తూ నిలబడిపోతున్నాడు. ఏమిటి నాన్నా అంటే ఏంలేదే అంటాడు.

కారు ఆమె కొన్నది. కళ్ళాసుపత్రిలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది, మొదటిసారి తనదంటూ కొనుక్కున్న పెద్ద వస్తువు. షోరూములో టై కట్టుకున్న అబ్బాయి తాళం చేతికిస్తూ, మొదటి ఆయిల్ పదివేల కిలోమీటర్లకి మేడం, లేదంటే ఏడాదికి, ఏది ముందైతే అది అన్నాడు. నాన్న నవ్వాడు. "పుట్టిన బిడ్డకి ఏడాదిదాకా ఒకే గుడ్డ కట్టి ఉంచుతారా బాబూ?" ఆ అబ్బాయికీ నవ్వొచ్చింది, కానీ మర్యాదగా, "ఇప్పటి ఇంజన్లు వేరు సార్, కంపెనీలోనే నున్నగా చేసి పంపిస్తున్నారు, ఏమీ రాలదు" అన్నాడు. కారుతో ఇచ్చిన పుస్తకం ఆమె ఆ రాత్రే చదివింది. అందులోనూ పదివేలే ఉంది. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. ఎందుకు చెప్పడం? ఆయన రోజూ సాయంత్రం కారు లోపలికి తల పెట్టి మీటరు చూసి, ఇంకా టైముందిలే అని తనలో తను అనుకుంటూ వెళ్ళేవాడు. వెయ్యి దగ్గర పడుతున్నకొద్దీ ఆయన నడకలో ఒక హుషారు. అమ్మ పోయాక ఆ నడక ఆమె మళ్ళీ చూడలేదు. ఆ నడక కోసం ఒక డబ్బా ఆయిల్ పోతే పోయింది అనుకుంది.

మొన్న సెలవు. పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని, జాకీ ఎత్తి, బండి కిందికి దూరాడు. ఆమె చిన్నప్పటిలాగే పక్కన గొంతుక్కూచుంది. చెయ్యి బయటికొచ్చింది. "పానా" అన్నాడు. తనని పిలిచాడో, పానా అడిగాడో తెలియలేదు. "ఎంత నంబరు నాన్నా?" అంది. చెయ్యి అలాగే గాల్లో ఉంది, వేళ్ళు ఒకసారి ముడుచుకుని తెరుచుకున్నాయి. "అదేనే... ఆ..." అన్నాడు. జీవితమంతా ఆ బోల్టు విప్పినవాడు. ఆమె ఒకటి తీసి పెట్టింది, సరిపోయింది. ఆ చెయ్యి లోపలికి వెళ్ళేముందు ఆమె వేళ్ళని ఒకసారి నొక్కింది. అప్పుడు అది మురిపెం అనుకుంది. ఇప్పుడు బండమీద నీళ్ళు పోస్తుంటే, అది మురిపెమో కాదో అనిపిస్తోంది. ఆయిల్ దిగింది. ఆయన బేసిన్ పట్టుకుని ఎండలోకి వచ్చాడు, వేళ్ళు ముంచాడు, రుద్దాడు. తేనెలా ఉంది. మళ్ళీ ముంచాడు. కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు, నీడలోకి జరిగి చూశాడు. మెట్టు మీద కూచుని, బేసిన్ని ఒళ్ళో పెట్టుకుని, అటు వంచీ ఇటు వంచీ చూస్తూనే ఉన్నాడు. "ఏదే? ఏమీ లేదేమిటే?" అన్నాడు, దాచుకున్న గోళీ కనపడని పిల్లాడిలా. ఆమె వంగి చూసింది. ఏమీ లేదు, టై అబ్బాయి చెప్పినట్టే, ఒక్క మెరుపు లేదు. "ఉంది కదా నాన్నా, ఇదిగో, అంచున" అంది. "ఉందా?" "ఉంది." ఆయన ఆమె ముఖంలోకి చూసి, "నీ కళ్ళు మంచివి. నాకానడం లేదంతే" అని, లేచి, బేసిన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె బట్టలు మడతపెట్టడానికి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వచ్చి చూస్తే ఆయన వరండాలో నిద్రపోతున్నాడు, కారు జాకీ దిగి ఉంది, తాళం మేకుకి ఉంది.

తాళం మేకుకి ఉంది. నిన్న పొద్దున దాన్ని తీసుకుంటున్నప్పుడు వేలికి తగిలిన ఆ చల్లదనం ఇంకా ఉన్నట్టే ఉంది. గేటు దాటుతుండగానే స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగింది, చిన్న ఆయిల్ డబ్బా బొమ్మ, దాని మూతి నుంచి ఒక చుక్క. చూసింది. చూడలేదని ఎలా అనడం? చూసింది, నిన్ననే కదా నాన్న మార్చాడు, కొత్త ఆయిల్‌కి ఇదేదో కుదురుకోలేదేమో అనుకుంది. దీపం కన్నా మేకుని నమ్మింది. వంతెన ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు, తర్వాత ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు. వెనకనున్న బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఎవరో దిగి తోశారు. షోరూమువాళ్ళ బండి వచ్చి, కొత్త కారుని ముందుకాళ్ళు ఎత్తి లాక్కుపోతుంటే చూస్తూ నిలబడింది. సాయంత్రం నాన్న ఇల్లంతా తిరిగాడు, ఇనుము మంచిది కాదు, మనుషులు మంచివాళ్ళు కాదు, కాలం మంచిది కాదు అంటూ. అన్నం తినలేదు. ఒక్కసారి కూడా, ఒక్క క్షణం కూడా ఆయనకి తన పని మీద అనుమానం రాలేదు. అనుమానం వచ్చి దాచుకున్నా బాగుండేది.

"ఏమ్మా, కొత్త కారు అప్పుడే పుట్టింటికి పోయిందట?" పక్కింటి పిన్ని గోడమీంచి తల పెట్టింది. చేతిలో చీపురు.

"అవును పిన్నీ. చిన్న రిపేరు."

"అలిగిందేమో. మీ నాన్న దాన్ని మొన్నంతా బోర్లేసి పరీక్ష చేశాడుగా. ఇంట్లో డాక్టరుంటే ఎప్పుడూ ఇంతే, బాగున్నదానిక్కూడా జబ్బు వెతుకుతారు." నవ్వింది. నవ్వాక ఆమె ముఖం చూసి చీపురు అటువైపు తిప్పుకుంది. "ఊరికే అన్నాలే తల్లీ. పెద్దాయనతో అనకు."

అనదు. ఎవరితోనూ అనదు. పొద్దున నాన్న కూరలకి వెళ్ళినప్పుడు షోరూము నుంచి ఫోనొచ్చింది. "మేడం, విప్పి చూశాం. లోపల చుక్క ఆయిల్ లేదు." "అడుగు బోల్టు మాత్రం బ్రహ్మాండంగా బిగించారు మేడం. కొత్త వాషరు కూడా వేశారు. ఆయిలే పోయలేదు." చివరి మాట దగ్గర ఆ గొంతులో నవ్వు. చెడ్డ నవ్వేం కాదు, ఎవరికైనా వస్తుంది. "ఎవరు చేశారు మేడం?" వెనకెవరో కూడా నవ్వారు. ఫోను పెట్టేసి, వరండా మూల పాత గోనెపట్టా కింద చూసింది. కొత్త ఆయిల్ డబ్బా అక్కడే ఉంది, మూత చుట్టూ సీలు తెగకుండా, ఎత్తితే బరువుగా. గేటు చప్పుడైతే ఏం చెయ్యాలో తోచక దాన్ని పెరట్లోకి పట్టుకొచ్చి, నీళ్ళ తొట్టి ఒకటి బోర్లించి దాని కింద పెట్టింది. ఇప్పుడు తొట్టి బండ పక్కనే ఉంది. దాన్ని చూడకుండా ఉతుకుతోంది. ఆ నవ్వు నాన్న చెవిన పడకూడదు. షోరూములో అంతమంది ముందు, ఇస్త్రీ చొక్కాలో నిలబడి, వేలు చూపించి, మైనమా ఇనుమా అని అడుగుతున్న మనిషికి వాళ్ళు ఆ ఖాళీ ఇంజన్ చూపించకూడదు.

ఆసుపత్రిలో ఒక పెద్దాయన వస్తుంటాడు. అక్షరాల బోర్డులో చివరి వరుసదాకా గడగడా చదివేస్తాడు. ఒకరోజు బోర్డు మార్చారు, ఆయన పాత బోర్డే చదివాడు, చిట్టచివరిదాకా, ఒక్క తప్పు లేకుండా. ఆమెతో పనిచేసే అమ్మాయి నవ్వాపుకోలేక బయటికెళ్ళింది. ఆమెకి నవ్వు రాలేదు. ఆ మనిషి చదవడం అయ్యాక, "కరెక్టేనామ్మా?" అని అడిగిన గొంతు ఇప్పుడు గుర్తొస్తోంది. నాన్న కూడా పక్కింటి పిన్నికి ఒకే సంగతిని ఒకే పూటలో రెండుసార్లు చెప్పడం, కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతకడం, అందరు నాన్నలూ చేస్తారులే అనుకుంది. అందరు నాన్నల చేతుల్లోనూ బండ్లుండవు. షెడ్డులో ట్యూషన్ మాస్టారి పాత కారుంది, బ్రేకులు విప్పి. ఆ కారులో మాస్టారు పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాడు. ఈ సాయంత్రానికల్లా బిగించి ఇచ్చేస్తానని నాన్న మాటిచ్చాడు. బిగించాడా లేదా అన్నది జేబుకి గుర్తుండే సంగతి కాదు. నిజం చెప్పాలి. నిజం చెప్పాలని మొదలుపెట్టినప్పుడల్లా ఎండలో బేసిన్ ఒళ్ళో పెట్టుకుని కూచున్న మనిషి అడ్డంగా వచ్చి కూచుంటున్నాడు. ఉందా? ఉంది. ఆ ఒక్క మాట బదులు, లేదు నాన్నా, ఇంక లేచి ఆయిల్ పొయ్యి అని ఉంటే?

చొక్కాని జాడించి, పిండి, బోర్లాగానే తీగమీద వేస్తుంటే వెనక అలికిడైంది. బనియన్ మీద, ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగతో నాన్న నిలబడి ఉన్నాడు. రేజరు చేతిలోనే ఉంది.

"మొన్న ఆ బోల్టు ఎంత నంబరుతో తీశానే? వాడడిగితే టక్కున చెప్పాలిగా."

"పదమూడు" అంది. అని, ఆ మాట ఆగకముందే, "నాన్నా, నువ్వు రాకు. వాళ్ళ తప్పు కాదు. ఇంజన్‌లో ఆయిల్ లేదట. తప్పు నాది" అంది. తన గొంతే తనకి ఎవరిదోలా వినిపించింది. "నువ్వు ఆయిల్ పోద్దామనుకునేలోపు నేనే బండి తీసుకెళ్ళిపోయాను. నువ్వు నిద్రపోతుంటే నీ జేబులోంచి తాళం తీసి మేకుకి పెట్టుకున్నాను. నీకు చెప్పడం మర్చిపోయాను."

నురగ ఆయన చెంపమీంచి జారి బనియన్ మీద పడింది.

"ఏ జేబులోంచమ్మా?" అన్నాడు. పానా అనలేదు.

"ఖాకీ చొక్కా జేబులోంచి. ఎడమ జేబు."

ఆయన తీగ దగ్గరికి వచ్చి తడిచొక్కాని ఇటు తిప్పాడు. ఎడమవైపు జేబు లేదు. పైన రెండు కుట్ల మీద ఒక గుడ్డముక్క వేలాడుతోంది, కిందంతా విడిపోయి. ఇంతసేపూ వీపే ఉతికింది, ముందువైపు చూడనే లేదు.

"మొన్న కిందికి దూరుతుంటే జాకీకి పట్టుకుని చిరిగిందిది" అన్నాడు మెల్లిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "తాళం కింద పడిపోతోంది. అందుకని పోసేదాకా మేకుకి పెడదామని..."

అక్కడ ఆగాడు. ఆ మాట చివర ఉన్నదేదో ఆయనకి కనపడింది. అది కనపడటం ఆమెకి ఆయన ముఖంలో కనపడింది. బల్బు తీసేసిన గదిలా ఉంది ముఖం. వేలాడుతున్న గుడ్డముక్కలోంచి ఒక వేలు దూర్చి, అటువైపు బయటికొచ్చిన ఆ వేలిని చూశాడు. తర్వాత ఆయన చూపు పెరడంతా తిరిగి, బోర్లించిన తొట్టి మీద ఆగింది. ఆ తొట్టిని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బోర్లించరు. ఆయన దాన్ని ఎత్తి చూడలేదు.

"ఆ రోజు ఆయిల్‌లో మెరుపుందన్నావు" అన్నాడు.

ఆమె తీగమీది చొక్కా కొస పట్టుకుని మిగిలిన నీళ్ళు పిండింది.

ఆయన వచ్చి తడిచెయ్యి ఒకటి ఆమె తలమీద పెట్టి తీసి లోపలికి వెళ్ళాడు. ఆమె బండ దగ్గరే నిలబడింది. మగ్గులో నీళ్ళు పారబోసిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. రేజరు చప్పుడు మళ్ళీ రాలేదు. ఏడుస్తున్నాడేమో, వెళ్ళాలా, వెళ్తే ఏమనాలి, జేబు కుడతాను నాన్నా అనాలా? జేబు కుట్టొచ్చు. సూదీ దారం అమ్మ డబ్బాలోనే ఉన్నాయి, ఖాకీరంగు దారం కూడా ఉండాలి. దాని గురించే ఆలోచించింది, ఏ రంగు దారం, ఎన్ని వరసలు, మళ్ళీ చిరగకుండా మూలల్లో ఎలా ముడెయ్యాలి, ఆలోచిస్తూ ఆలోచిస్తూ తడిచేతులతోనే వరండాలోకి వచ్చింది.

ఆయన తెల్లచొక్కా వేసుకుని గుమ్మం దగ్గర ఉన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ తుడిచేసిన చోట తెల్లటి గడ్డం అలాగే ఉంది. గడ్డంతో ఆయన వీధిలోకి వెళ్ళడం ఆమె ఎన్నడూ చూడలేదు. ప్యాంటు జేబులోంచి షెడ్డు తాళంచెవి తీశాడు. ఎప్పుడూ ఆయన ఒంటిమీదే ఉండేది, నిద్రలో కూడా దిండు కిందుండేది. దాన్ని అరచేతిలో ఒకసారి తూచినట్టు చూసి, గుమ్మం పక్కని మేకుకి తగిలించాడు. అది ఊగుతుంటే ఒక వేలితో పట్టి ఆపాడు. తర్వాత చొక్కా మీద ఎడమవైపు చెయ్యి వేసుకుని, అక్కడేదో ఉందో లేదో చూసుకున్నట్టు ఒక్క క్షణం ఉంచి, మెట్లు దిగి, గేటు తీసుకుని, షెడ్డున్న వైపు కాక రెండో వైపుకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.